మా కోడలు ఊరికే అరవదు

మండపేట

పాప నాన్నగారికి, మీ దుర్గ దణ్ణాలు. నేనూ, పాపా, అత్తయ్యగారూ ముగ్గురం గుండ్రాళ్ళలా ఉన్నాం. ఆ అరుణాచల్ కొండల్లో మీరూ అలాగే ఉండాలని రోజూ దేవుడికి చెప్పుకుంటున్నాను.

పోలవరంలో పనిచేసినన్నాళ్ళూ శనివారానికల్లా ఇంట్లో వాలేవారు. ఇప్పుడు ఆ డ్యామ్ దగ్గర సిగ్నలైనా లేకపాయె! ఒకందుకు ఉత్తరమే నయం. ఫోనయితే నేను చెప్పేది సగం వినకుండానే కంగారుపడిపోతారు.

మీరడిగినవాటికి జవాబులు. నాట్లు పడ్డాయి. పాప రంగు మీదే, ముక్కు మాత్రం నాది, బతికిపోయింది. ఇక సాయిప్రసన్న అని పేరు పెడదామన్నారే, దానికి నేను ఒప్పుకోను. కోపం తెచ్చుకోకండి. కారణం ఉంది. ఇన్నాళ్ళూ నేనూ అత్తయ్యగారూ కలిసి దాచాం.

కాన్పులో రక్తం బాగా పోయింది, ఎక్కించాలన్నారు. నర్సమ్మ రక్తం సంచీ పట్టుకొచ్చి, "వెంకటదుర్గ గారేనాండి?" అంది. "ఆయ్" అన్నాను. ఎదురు మంచం మీద పిఠాపురం ఆవిడ కూడా వెంకటదుర్గేనని నాకేం తెలుసు? ఆవిడది బీ పాజిటివ్, నాది ఓ పాజిటివ్. చేతికి కట్టిన పట్టీ మీద నంబరు చూడాలట. హడావిడిలో చూడలేదు.

కాస్త ఎక్కిందో లేదో చెయ్యంతా మంట. నడుం విరిగిపోతున్నట్టు నొప్పి, వణుకు, ఊపిరాడలేదు. చచ్చిపోతున్నాననుకున్నానండీ. పాపని ఇంకా కళ్ళారా చూసుకోనైనా లేదు. "ఆపండి! ఆపేయండి!" అని అరిచాను. "కొంచెం చలి మామూలేనమ్మా" అంది నర్సమ్మ.

అప్పుడు లేచారండీ అత్తయ్యగారు! పెళ్ళయిన దగ్గర్నుంచి "ఏంటమ్మా ఆ గొంతు, రైస్ మిల్లు దాకా వినపడుతోంది" అని నన్ను సాధించిన మనిషి, "మా కోడలు ఊరికే అరవదండీ! ముందది తీసేయండి!" అని వార్డు అదిరిపోయేలా కేకేశారు. ఊరికే అరవనట! ఎంత పచ్చి అబద్ధమో మీకు తెలుసు.

వెంటనే తీసేశారు. డాక్టరుగారు పరిగెత్తుకొచ్చారు. పడని రక్తం ఎక్కితే ఒళ్ళు దాని మీద తిరగబడి ఆ కణాల్ని పగలగొట్టేస్తుందట. ఇంకాస్త ఎక్కితే కిడ్నీలు పోయేవేమో అన్నారు. మూత్రం ఎర్రగా వచ్చింది. అది మామూలయ్యేదాకా సెలైన్లు పెట్టి కనిపెట్టుకుని ఉన్నారు. తర్వాత నా గ్రూపు రక్తమే, పట్టీ చూసి మరీ ఎక్కించారు. ఇప్పుడు పరీక్షలన్నీ బాగున్నాయి, ఒట్టు. పిఠాపురం దుర్గ కూడా క్షేమం. "నా రక్తం తాగేశావు కదే" అని ఫోన్ చేసి నవ్విస్తుంది.

మొన్న పాపకి టీకా వేయించడానికి వెళితే, "సాయిప్రసన్న" అని పిలవగానే ఇద్దరు తల్లులు లేచారు. నాకు ఆ రక్తం సంచీయే గుర్తొచ్చింది. అందుకే ఏ వార్డులోనూ ఇంకొకరికి ఉండని పేరు పెడుతున్నాను. అచ్చాయమ్మ. అవునండీ, అత్తయ్యగారి పేరే! "ఈ రోజుల్లో ఆ పేరేంటే, స్కూల్లో పిల్లని ఏడిపిస్తారు" అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

పాలు కాస్త ఆలస్యమైతే చాలు, చిన్న అచ్చాయమ్మ గొంతు మిల్లు దాకా వెళుతోంది. నేను ఊరుకోబెట్టబోతే పెద్ద అచ్చాయమ్మగారు నన్నే కసురుతున్నారు.

"అరవనీవే! నా మనవరాలు ఊరికే అరవదు."

ఇట్లు,
మీ భార్య
వెంకటదుర్గ
(ఓ పాజిటివ్ దుర్గ)