హాజరులో లేని పేరు

యకుషిమా ద్వీపం, జపాన్
11 జూన్ 2025, పొద్దుగూకే వేళ

గౌరవనీయులైన ఉపాధ్యక్షులు శ్రీపతి గారికి,

నాంపల్లి ఉదయ నడక సంఘం అధ్యక్షుడు సోమయాజులు నమస్కరించి తెలియజేయునది. అధ్యక్షుడు ఉపాధ్యక్షుడికి వ్రాసే ఉత్తరంలో ముందు క్షేమం, పిదప వాతావరణం, ఆ తరువాతే విషయం ఉండాలన్నది మన సంప్రదాయం. విషయం ఎంత తొందరదైనా ఈ వరుస తప్పరాదు. కనుక, నేను క్షేమం. ఇక్కడ వాన. ఆబిడ్స్‌లో మీ కళ్ళద్దాల కొట్టు ముందు మోకాలిలోతు నిలిచి, సాయంత్రానికి సిగ్గుపడి వెళ్ళిపోయే వాన కాదు. ఎవరినీ పట్టించుకోకుండా ఎప్పటికీ కురిసేటట్టున్నది.

ఇక విషయం. విహారయాత్రకు వచ్చిన మన సభ్యులు ఆరుగురూ ఈ మధ్యాహ్నం అడవిలో తప్పిపోయారు. ఉండవలసిన చోట నేనొక్కడినే ఉన్నాను. అయితే ఈ చోటు ఏదో ఇంకా తెలియరాలేదు.

ఉదయం అంతా సక్రమంగానే గడిచింది. వేల ఏళ్ళ దేవదారు మానులు. మనవాళ్ళు ఆరుగురూ చేతులు కలిపినా ఒకదాని చుట్టు కలవదు. రాయి, వేరు, విరిగిన కొమ్మ, దేన్నీ వదలకుండా నాచు కప్పేసింది. కాసేపు కదలకుండా నిలబడితే మనల్నీ కప్పుతుందేమో అనిపిస్తుంది. జింకలు మన మేకలంతే ఉంటాయి, మనిషికి బెదరవు. ఒక కోతి జింక వీపెక్కి కూర్చుంటే, బట్టల కొట్టు ఆకాష్, “సూడుర్రి, నాంపల్లి స్టేషన్ కాడ ఆటోల మనం గిట్లనే కూసుంటం” అని అందరినీ నవ్వించాడు. కోతి నవ్వలేదు. అతనినే చాలాసేపు చూసింది.

మధ్యాహ్నం చెక్కబాట పక్కన అందరూ పులిహోర పొట్లాలు విప్పారు. అక్కడి నుండి సన్నని దారి ఒకటి అడవిలోకి చీలుతున్నది. ఆ దారి వెంట చెట్లకు గులాబీ రంగు రిబ్బన్లు కట్టి ఉన్నాయి. ఎవరి అనుమతితో కట్టారో తెలిపే బోర్డు లేదు. మనం రోజూ నడిచే తోటలో చెట్లకు కట్టిన బ్యానర్లను ఊడదీయించింది మన సంఘమే కదా! దేశం మారినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. మొదటి రిబ్బను విప్పుతుండగా రశ్మి టీచరు, “సార్, ఎవరో ఎందుకో కట్టిన్రు, జర ఉండనియ్యరాదుండ్రి” అన్నది. ముందు పులిహోర పూర్తి చేయవలసిందిగా ఆమెను మందలించి, నియమం ప్రకారం నేను ముందు నడిచాను. కనబడిన ప్రతి రిబ్బన్నూ విప్పి సంచిలో వేసుకున్నాను.

నియమం మీకు తెలుసు. అధ్యక్షుడు ఎల్లప్పుడూ ముందుంటాడు. సభ్యులు ఆయనను వెనుక నుండి పిలవరాదు, వెతకరాదు. హాజరు పిలిచేది ఆయనే కనుక హాజరులో ఆయన పేరుండదు. కిందటి సమావేశంలో చాయ్ తాగుతూ మీరు, “మరి మీరే తప్పిపోతే ఎట్ల సాబ్? మిమ్మల్ని ఎవరు లెక్కపెడ్తరు?” అన్నారు. అట్టి సంభవం లేదని తీర్మానించి, మీ ప్రశ్నను సమావేశ వివరాల నుండి తొలగించాం.

కొంతసేపటికి పొగమంచు దిగింది. వెనుదిరిగి చూస్తే ఎవరూ లేరు. దారి కూడా లేదు. అక్కడే నిలబడి హాజరు పిలిచాను. ఆకాష్, రశ్మి, విజయేందర్, కమల, భానుతేజ, హైందవి. జవాబు రాలేదు. ఆరుగురినీ గైర్హాజరుగా నమోదు చేశాను.

చీకటి పడకముందే ఈ చెక్క గుడిసె దొరికింది. కాపలా లేదు. ఫోనుకు సిగ్నల్ లేదు. తలుపు ముందు ఒక జింక నిలబడి ఉండగా ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇప్పుడు చాలా ఉన్నాయి. అవి వచ్చిన చప్పుడు వినలేదు.

తప్పిపోయిన సభ్యులు దొరికిన వెంటనే సంజాయిషీ కోరవలసినది.

సంఘసేవలో ముందున్న,
సోమయాజులు

తా.క.: గుడిసె గోడ మీద ఒక బొమ్మ ఉన్నది. అక్షరాలు చదవలేను గాని, బొమ్మ చదవనక్కర లేకుండానే ఉన్నది. చెట్టుకు గులాబీ రిబ్బను, దాని పక్కన బాణం గుర్తు, ఆ బాణం చూపిన వైపు నడిచే మనిషి. ఆ దారి మొత్తం ఇప్పుడు నా సంచిలో ఉన్నది.

మనవాళ్ళు చీలిక దగ్గర రిబ్బన్లు లేకపోవడం చూసి, చెక్కబాట మీదుగానే బస్సు దగ్గరకు చేరి ఉంటారు. అక్కడ ఎవరో ఒకరు హాజరు పిలిస్తే ఆరుగురూ “ఔ” అని ఉంటారు. “అధ్యక్షుడు ముందే హోటలుకు పోయిండు” అనుకుంటారు. రేపు ఓడలో, విమానంలో, చివరకు మన తోట గేటు దగ్గర కూడా అలాగే అనుకుంటారు.

ఇందాక పొగమంచులో ఏడో పేరు కూడా పిలిచి చూశాను. నేనే “ఔ” అనవలసి వచ్చింది.

ఈ ఉత్తరాన్ని ఒక రిబ్బనుతో తలుపు గడియకు కడుతున్నాను. ఎవరికి దొరికితే వారు తపాలాలో వేయగలరు. శ్రీపతి గారూ, ఇది అందిన మరునాడు ఉదయం హాజరులో చివరగా నా పేరు పిలవండి. ఎవరూ పలకకపోతే మనుషులను పంపండి. మా ఆవిడ నాగరత్నానికి మాత్రం తనిఖీలో ఉన్నానని చెప్పండి.

అంతవరకు నియమంలో మార్పు లేదు. అధ్యక్షుడు తప్పిపోడు. తప్పిపోయేది మిగిలినవారే. ఇదే తుది నిర్ణయం.