ముసలి గురువు అన్న మాట

బాపూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. చుట్టాలంతా తిని వెళ్ళాక, నువ్వు మగ్గం పనికి పోయిన భివండి నుంచి తెచ్చిన కరాటే సినిమా డీవీడీ పెట్టమని అవ్వ అడిగింది.

అది చైనా భాష సినిమా. కింద ఇంగ్లిష్ అక్షరాలు పడేవి. నీకు చదవడం రాదు, నాకప్పటికి అంత ఇంగ్లిష్ రాదు. అందుకే సౌండ్ తగ్గించి అందరి మాటలూ నువ్వే చెప్పేవాడివి. శిష్యుడు మూట కట్టుకుని బయల్దేరితే, గుమ్మంలో నిలబడ్డ ముసలి గురువుతో ప్రతిసారీ ఒకటే అనిపించేవాడివి.

"బువ్వ తిని పో బిడ్డా, బస్సుకు ఇంకా టైముంది."

మేం పడీపడీ నవ్వేవాళ్ళం. నువ్వు భివండి వెళ్ళే ప్రతిసారీ అవ్వ తన కొడుకుతో, నీతో, అనే మాటే అది. నువ్వేమో తినకుండానే పరుగెత్తేవాడివి.

"గా ముసలోడు నిజంగ ఏమంటుండో నువ్వే సదివి చెప్పాలె" అనేవాడివి నాతో.

ఇప్పుడు డిగ్రీలో చేరాను బాపూ. కొత్త మాట కనబడితే అర్థం తెలిసేదాకా నాకు తోచదు. ఈ రోజు ఆ అక్షరాలు ఆగకుండా చదివాను. గురువు అన్నది, "పో. మళ్ళీ ఈ గడప తొక్కకు" అని.

"ఏమంటుండే పిల్లా?" అని అడిగింది అవ్వ.

మొదట నీకు చదివి వినిపించాల్సిన మాట అది. "బువ్వ తిని పో అంటుండు అవ్వా" అన్నాను.

"మరి మీ బాపు సక్కగనే చెప్పిండు గదనే!" అంటూ అవ్వ టీవీకి దగ్గరగా జరిగి కూర్చుంది.