బోణీకి పిలుపు

తమ్ముడు ఉమామహేశ్‌కు,

నీ పిలుపు అందింది. మా కోయిలకుంట్లలో శుక్రవారం నీ కారం దోసెల కంపెనీకి ఇంకో బ్రాంచి తెరుస్తున్నావు. అదీ నా బ్రాంచికి సరిగ్గా ఎదురుగా, నీ బావమరిది వీరభద్ర పేరు మీద. పైగా బోణీకి నన్నే రమ్మన్నావు.

కల్లూరులో అయినా కడపలో అయినా, నువ్వు తెరిచిన ప్రతి బ్రాంచిలో మొదటి దోసె కొన్నది నేనే. "అక్కా, నీ చెయ్యి శానా మంచిది. నువ్వుండంగా మీ ఊర్లో ఇంకొకరికి బ్రాంచి ఇయ్యను" అన్నావు. తమ్ముడి మాటకు కాగితమెందుకులే అనుకున్నాను.

మొన్న బ్రాంచీలవాళ్ల మీటింగులో ఆ మాటే గుర్తుచేస్తే, అందరి ముందూ "యాపారంలో అక్కాతమ్ముళ్లు యాడుంటారమ్మా?" అని నవ్వావు. ఆ రోజు 'అమ్మా' అన్నవాడివి, బోణీ అవసరం పడగానే మళ్లీ 'అక్కా' అంటున్నావు.

తప్పకుండా వస్తాను. పట్టుచీర కట్టుకుని మొదటి బల్ల దగ్గర కూర్చుంటాను. దోసె నా ముందుకు వచ్చాక, "ఇది నాకొద్దప్పా" అని లేచి, రోడ్డు దాటి నా అంగట్లో తింటాను. బోణీ బేరమే తిరిగిపోయిన అంగడి గతేమిటో వీరభద్రను అడుగు, చెప్తాడు.

నన్ను రావద్దనైనా అనొచ్చు. కానీ "మన అక్క చేతుల మీదుగా బోణీ" అని నా ఫోటోతో బస్టాండు దాకా ఫ్లెక్సీలు కట్టించావు. రాకపోతే ఎందుకు రాలేదని ఊరంతా నన్నే అడుగుతుంది. అడిగిన ప్రతివాళ్లకూ చెప్తాను.

శుక్రవారం దాకా,
నీ అక్క