మూడు మిల్లీమీటర్ల మూత

మా ఇంటి కోడలమ్మకు, మామయ్య దీవించి రాయునది.

ఇంట్లో అందరం కులాసాగా ఉన్నాం. కార్ఖానాలో ఒక్కరు తప్ప. ఆ సంగతికి వస్తాను.

పాప దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. రోజూ మీ ఆయనే దానికి జడలు వేస్తున్నాడు. ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ పోతున్నాయి. నువ్వు పంపిన పట్టీతో మీ అత్తయ్య మోకాలు నయమైంది గానీ, ఆ మాట ఒప్పుకోదు.

ఇక నువ్వడిగిన మూడో మాట. "మూడుసార్లు తిప్పి పంపిన పరీక్షశాల నాలుగోసారి మన కుక్కర్ మూతని ఎలా ఒప్పుకుంది మామయ్యా, ఏం మార్చారు?" అన్నావు. నిన్నటిదాకా దీనికి జవాబు రాయకూడదనే అనుకున్నాను.

నువ్వు గీసిన మూత మందం రెండు మిల్లీమీటర్లే. లోపలివైపు ఉబ్బెత్తు గట్లు తీర్చి దానికి బలం తెచ్చావు. లోహం తక్కువ, బరువు తక్కువ. కానీ కొనేవాళ్ళ దేశపు ప్రమాణంలో మందం మూడుకి తగ్గకూడదని ఉంది. పరీక్షాధికారితో ఎంత వాదించానో. "గట్టిదే కావచ్చండి. పుస్తకంలో గట్ల మాటే లేదు. లేనిదానికి నేనెక్కడ సంతకం పెట్టను?" అన్నాడు. ఆ పుస్తకం రాసిన రోజు మనలాంటివాళ్ళు ఒక్కరూ ఆ గదిలో లేరు. ఆ ఉక్రోషం నన్ను తినేసింది. ఇరవై ఇద్దరి పని ఆ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంది.

అమ్మా, నాలుగోసారి పంపింది నీ మూత కాదు. చూడ్డానికి అలాగే ఉండేట్టు, మూడున్నర మందంతో నేనే నాలుగు పోయించాను. నీ చేతిలో ఉన్న సర్టిఫికెట్ వాటిది. పెట్టెల్లో సర్దినవి నీవి.

నిన్న మధ్యాహ్నం ఆఖరి పెట్టె సరుకుకి ఆవిరి పట్టి చూస్తుండగా ఒక మూత పగిలింది. పోత మేస్త్రి చెంపకి ఆరు కుట్లు పడ్డాయి. కంటికి వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పింది. కట్టు కట్టించుకొచ్చి, పగిలినచోట వేలు పెట్టి చూపించాడు. పోతలో గాలిబుడగ.

"మందంగా ఉంటే ఓర్చుకునేదయ్యా. ఇదే ఎవరి వంటింట్లోనో పేలుంటే?" అన్నాడు. ఆ నాలుగు మూతలు పోసింది అతనే.

ఈ ఉదయం పరీక్షశాలకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఏడాదిపాటు మన సరుకు పరీక్షకి తీసుకోమన్నాడు అధికారి. ఆ తర్వాత, పగిలేదాకా ఒత్తిడి పెట్టి బలం రుజువు చేస్తే, పుస్తకంలో గట్ల గురించి ఒక వాక్యం చేర్చమని తనే పైకి రాస్తానన్నాడు. "ఆ రోజు మీరు రావద్దు. మూత గీసినావిడని పంపండి," అన్నాడు. పడ్డాను. పడాల్సిన మాటే.

లారీలు ఆపించాను. ఇక్కడి బజారుకి పాత రకం కుక్కర్లు పోస్తాం గానీ, అందరికీ పని చాలదు. పనివాళ్ళకి అదీ చెప్పాను. ఒక్కరూ తిట్టలేదు. దాన్నే తట్టుకోలేకపోయాను.

గురువారం రేవు పట్నంలో కొనేవాళ్ళ ముందు కూర్చున్నప్పుడు ఒప్పందం మీద సంతకం పెట్టకు. తప్పు మామయ్యదని చెప్పు, నీ నెత్తిన వేసుకోకు. ఫోన్లో చెప్పబోయి రెండుసార్లు పెట్టేశాను. అందుకే ఈ కవరు మన డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

పగిలిన ముక్క ఇందులోనే ఉంది. బుడగ ఎందుకొచ్చిందో తేల్చగలిగేది నువ్వే. అంచు పదునుగా ఉంది, చూసి తియ్యి.

ఇట్లు,
నీ మామయ్య