వీధిలో కార్లు ఆపడం గురించి

నాన్నా, లేవగానే స్టవ్ మీదున్న చికెన్ సూపు వేడి చేసుకో. మంచు మొదలైంది, నీ కారు వెనక సందులో పెట్టాను. నేను కౌన్సిల్ మీటింగుకి వెళ్తున్నాను.

చలికాలమంతా వీధిలో కార్లు ఆపకూడదన్న రూలు మీద ఇవాళ ఓటింగు. మంచు తోసే బండి నడిపేవాడివి, "కార్లడ్డముంటే నేను బ్లేడెక్కడ దించనే?" అంటావు. నిజమే. కానీ పక్కింటి ఆర్లీస్ గారి నర్సు ఆక్సిజన్ సిలిండరుతో వచ్చి బండి ఎక్కడాపాలి? అదే అడుగుతాను. నేను సభ్యురాలిగా ఉన్న వికలాంగుల సలహా మండలిని తొమ్మిది మంది నుంచి ఐదుగురికి తగ్గిస్తారట. అందులో నా చోటు పోయేలోగా అడగాలి.

నీ మాటకి ఎదురు చెప్పాలంటే మైకు ముందు తడబడతానేమోనని కాగితం మీద రాసుకున్నాను.

ట్రూడీ

సాయంత్రం ఆరున్నరకి మాట్లాడే వంతు నాది. నా మాట ఒప్పుకోనక్కర్లేదు, వచ్చి వెనక వరుసలో కూర్చో నాన్నా.