ఖాదర్ సాబ్ పంతం, అనంతమ్మ టర్బో

జనవరి 20

ఖాదర్ సాబ్ గారికి, రాయికోడ్ దగ్గరి అల్లం రైతు అనంతమ్మ నమస్కారాలు.

నేను క్షేమం. మీరూ క్షేమమే అనుకుంటాను. నా బండే క్షేమంగా లేదు. చిరాగ్‌పల్లి హైవే మీద మీ షాపులో పోయిన శుక్రవారం పాత టర్బో కొనుక్కెళ్లింది నేనే. ఫోన్ చేద్దామంటే మీ బోర్డు మీద నంబరు లేదు. "చెప్పేది ఉంటే రాసి పంపండి, ఫోన్‌లో అన్న మాటను రేపు కాదంటారు" అని రాయించి పెట్టారు. అందుకే రాస్తున్నాను.

మీ టర్బో ఊగుతోంది. మా ఊరి ట్రాక్టర్ మెకానిక్ మహాదేవప్ప బిగించే ముందు దాని ఇరుసు పట్టుకుని కదిపి చూశాడు. "అక్కా, ఇది ముసలోళ్ల పన్ను లెక్క ఊగుతున్నది. వాపస్ చెయ్యి" అన్నాడు.

ఈ జీపు బండి నా షోకు కోసం కాదు. మా ఊరి ఆడపిల్లలు ఆరుగురు జహీరాబాద్‌లో ఇంటర్ చదువుతున్నారు. రోడ్డు మీద బస్సు పోతుంది గాని మా దగ్గర ఆగదు. రెండేళ్లుగా నేనే పొద్దున దింపి, సాయంత్రం తెస్తున్నాను. బండికి ముందున్న టర్బో పోయినప్పటి నుంచి, ఆరుగురు ఎక్కితే వాగు దాటాక ఎత్తు ఎక్కకుండా నల్లటి పొగ వదిలి ఆగిపోతోంది. "బండి లేకుంటే సదువు బంద్" అని ఆ ఆరుగురిలో ఒకతైన ప్రవీణ వాళ్ల నాయన అప్పుడే అనేశాడు. మార్చిలో పరీక్షలు. ఆ పిల్లలను నేను ఇంట్లో కూర్చోనివ్వను. మంచి టర్బో పంపండి.

ఇట్లు,
పట్టు విడవని అనంతమ్మ

తా.క.: మీ టర్బో పెట్టిన ఈ డబ్బా పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడితే బస్సు ఆగింది. ఈ ముక్క బస్సు మెట్టు మీదే రాస్తున్నాను. కండక్టర్ సదాశివకు గట్టిగా చెప్పాను. "రోజు పొద్దుగాల, మాపటికి మా ఊరి నారమ్మ హోటల్ కాడ ఆపి, డబ్బా ఉన్నదా అని అడుగు. లేకుంటే మల్ల నడి రోడ్డు మీద కూసుంట" అన్నాను. భయపడ్డట్టే ఉన్నాడు.


జనవరి 24

అనంతమ్మ గారికి ఖాదర్ సలాములు.

డబ్బా అందింది. మీ ఉత్తరం నా కూతురు అఫ్రీన్ చదివి వినిపించింది. నేను చెబుతుంటే ఈ జవాబు కూడా తనే రాస్తోంది.

మీ మహాదేవప్పకు ట్రాక్టర్ తెలుసు, టర్బో తెలియదు. టర్బో అంటే పొగ తోపుకు తిరుగుతూ ఇంజిన్‌కు గాలి ఊదే పంకా. నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది. దాని ఇరుసు నూనె పొర మీద తేలుతుంది. నూనె లేనప్పుడు పక్కలకు కొంచెం ఊగడం మామూలే. ముందుకూ వెనక్కూ జరిగితేనే జబ్బు. మీ దానికి ఆ జబ్బు లేదు.

అయినా మీరు ఆడపిల్లల చదువు మాట రాశారు. అందుకని మొత్తం విప్పి, కొత్త బేరింగులు, కొత్త సీళ్లు వేసి, తూకం సరిచూసి బిగించాను. ముప్పై ఏళ్లలో నా చేతుల్లోకి వచ్చిన టర్బో ఏదీ బాగుపడకుండా పోలేదు. హైవే మీద ఏ లారీ డ్రైవర్‌నైనా అడగండి. బిగించే ముందు నూనె రంధ్రంలో కాస్త ఇంజిన్ ఆయిల్ పోయండి. లోపలికి ఇసుక రేణువు కూడా పోకూడదు. శుభ్రత, శుభ్రత, శుభ్రత.

ఇట్లు,
తన పనికి తనే జామీను, ఖాదర్

తా.క.: ఇది అఫ్రీన్ మాట. "శుభ్రత" అని మూడుసార్లు రాయించింది అబ్బానే. ఆయన చాయ్ గ్లాసు మాత్రం వారానికి ఒకసారి కడుగుతారు.


జనవరి 31

ఖాదర్ సాబ్ గారికి నమస్కారాలు, కొంచెం కోపంతో.

శుభ్రత గురించి అల్లం రైతుకు మీరు చెప్పాలా? అల్లం మార్కెట్‌కు వెళ్లే ముందు మోటారు పెట్టి, సన్న మూతి పైపుతో నీళ్లు కొట్టి, మట్టి రేణువు మిగలకుండా కడుగుతాం. మీ టర్బోనూ అలాగే కడిగాను. ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి. లోపలి పంకా ఎంత జోరుగా తిరిగిందనుకున్నారు! కూత పెట్టింది. ఊరంతా చూడ్డానికి వచ్చింది. "గిప్పుడు వచ్చింది దీనికి పానం" అన్నాడు మహాదేవప్ప. టార్పాలిన్ మీద రెండు రోజులు ఎండబెట్టి, మీరు చెప్పినట్టే ఆయిల్ పోసి బిగించాం.

స్టార్ట్ చేస్తే మిక్సీలో చెంచా పడ్డ చప్పుడు. ఆ వెనక నీలం పొగ. నారమ్మ హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లు గ్లాసులు వదిలి పరుగెత్తారు. సరుకు మంచిదైతే ఇంత శుభ్రంగా కడిగాక ఎందుకు చెడిపోతుంది?

పది రోజులుగా పిల్లలు ఇంటి పట్టునే ఉన్నారు. నిన్న సాయంత్రం పొలం నుంచి వస్తుంటే వాళ్లలో ఒకతె, స్నిగ్ధ, పుస్తకాలు పట్టుకుని రోడ్డు మీద కనబడింది. కాలేజీ లేకపోయినా పుస్తకం వదలడం లేదు, పాపం. రాత్రికి రాత్రే మహాదేవప్పను పిలిచి టర్బో విప్పించాను. డబ్బాను నారమ్మకు ఇచ్చి పంపుతున్నాను. తొందరగా చూడండి.

ఇట్లు,
కడిగినదాన్నే మళ్లీ పంపుతున్న అనంతమ్మ

తా.క.: డబ్బాలో రెండు కిలోల అల్లం కూడా పెట్టాను. కోపం మీ మీదే గాని మీ ఇంటివాళ్ల మీద కాదు. ఆ అల్లాన్నీ అదే పైపుతో కడిగాను. దానికి ఏమీ కాలేదని గమనించగలరు.


ఫిబ్రవరి 5

అనంతమ్మ గారికి ఖాదర్ సలాములు.

మీ ఉత్తరం అఫ్రీన్ చదువుతుంటే మధ్యలో లేచి బయటికి వెళ్లి, కాసేపు హైవే మీద లారీలు చూసి వచ్చాను. అమ్మా, టర్బో అల్లం కాదు. నూనె లేకుండా తిప్పితే ఇరుసు బేరింగులను నమిలేస్తుంది. విప్పితే తుప్పు నీళ్లు కారాయి.

మీకు పంతం ఉంటే నాకూ ఉంది. మళ్లీ కొత్త బేరింగులు వేశాను. రంధ్రాలన్నిటికీ టేపు అంటించాను. కడగొద్దు. ఎండబెట్టొద్దు. ఊరికి చూపించొద్దు. ఆయిల్ పోసి, మీ దేవుణ్ణి తలుచుకుని బిగించండి. అంతే.

ఇట్లు,
ఓపిక ఇంకా మిగిలి ఉన్న ఖాదర్

తా.క.: అఫ్రీన్ రాస్తున్నది. అల్లం చాయ్ చాలా బాగుంది. అబ్బా మీ మీద కోపంతోనే మూడు గ్లాసులు తాగారు.


ఫిబ్రవరి 11

ఖాదర్ సాబ్ గారికి నమస్కారాలు.

నా దేవుణ్ణి తలుచుకోమని మీ నోటితో అన్నారు. సంతోషం వేసింది. అంత మంచి మాటను సగం సగం పాటించడం బాగుండదని పూజారిని పిలిపించాను. టేపులు విప్పి, టర్బోను పీట మీద పెట్టి, పసుపు పూసి, కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టాం. టర్బో మీద కొట్టలేదు, ఆ మాత్రం నాకు తెలుసు. పక్కన రాయి మీద కొట్టి, నీళ్లు మాత్రం దాని మీద చల్లాం.

బండి సగం ఎత్తు ఎక్కింది! బండిలో నేను, మహాదేవప్ప, హారతి పళ్లెం. ఆ తర్వాత మళ్లీ చెంచా చప్పుడు.

ఇప్పుడు నాకు కోపం లేదు, భయంగా ఉంది. పరీక్షలకు మూడు వారాలే ఉన్నాయి. నేను అయిదో తరగతిలో బడి మానేశాను. మా ఊళ్లో ఇంటర్ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లలు వీళ్లే. నా బండి ఆగి వీళ్ల చదువు ఆగిందంటే నేను తట్టుకోలేను.

ఇట్లు,
దిక్కుతోచని అనంతమ్మ

తా.క.: మహాదేవప్ప కొత్త టర్బో కొనమంటున్నాడు. మీ పేరు పోతుందని నేనే వద్దన్నాను.


ఫిబ్రవరి 14

అనంతమ్మ గారికి ఖాదర్ సలాములు.

నేను ఇంజిన్లో ఇసుక చూశాను, ఎలుక గూడు చూశాను. బేరింగులో కుంకుమ చూడటం ఇదే మొదలు.

మూడోసారి విప్పి బాగుచేశాను. ఆదివారం నేనే వస్తున్నాను. దారి పొడుగునా టర్బో నా ఒళ్లోనే ఉంటుంది. నేను బిగించేదాకా మీరు, మహాదేవప్ప, పూజారి పది అడుగుల దూరంలో నిలబడాలి.

ఇట్లు,
ఓడిపోయే అలవాటు లేని ఖాదర్

తా.క.: అఫ్రీన్ రాస్తున్నది. చుట్టాల పెళ్లిళ్లకు కూడా షాపు మూయని మనిషి మీ టర్బో కోసం మూస్తున్నారు. మా అమ్మీ అన్వరీ బేగం "ఎవరా టర్బో?" అని అడుగుతోంది.


ఫిబ్రవరి 18

ఖాదర్ సాబ్ గారికి అనంతమ్మ వేయి నమస్కారాలు.

మీరు బిగించి వెళ్లిన టర్బోకు వంక పెట్టడానికి లేదు. మహాదేవప్పనూ ఆరు బస్తాల అల్లాన్నీ ఎక్కించుకుని ఎత్తు ఎక్కాను. పొగ లేదు, చప్పుడు లేదు. నిన్న సోమవారం పొద్దున హారన్ కొట్టుకుంటూ పిల్లల ఇళ్లకు వెళ్లాను.

ఒక్కరూ లేరు. ప్రవీణ వాళ్ల నాయన గడ్డం గీసుకుంటూ, "కాలేజికి పోయిన్రు గదా అక్కా" అన్నాడు. "దేంట్ల పోయిన్రు?" అన్నాను. "బస్సుల" అన్నాడు.

నెల రోజులుగా ఇదే జరుగుతోందట! నేను పొలంలో ఉండగా సదాశివ రోజూ నారమ్మ హోటల్ దగ్గర బస్సు ఆపి, "డబ్బా ఉన్నదా?" అని అడుగుతున్నాడు. నారమ్మ పొయ్యి మీది పాలు దించి, చేతులు తుడుచుకుని, "ఇయ్యాల లేదు" అనేలోపు వెనక తలుపులోంచి ఆరుగురూ ఎక్కేస్తున్నారు. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధార్ కార్డు చూపిస్తే చాలు, డబ్బులు కట్టే పని లేదు. సాయంత్రమూ అంతే. ఒక్క క్లాసు పోలేదు. పైగా నా బండిలో కంటే ముందే చేరుతున్నారట.

నాకు మొదట ఏడుపు వచ్చింది. సాయంత్రం ఆరుగురినీ నిలబెట్టి అడిగాను. శిల్ప తల వంచుకుని చెప్పింది. "పెద్దమ్మా, నువ్వు గింత కష్టపడుతుంటే చెప్పనీకి నోరు రాలె. టర్బో బాగైతే డబ్బా పోదు. డబ్బా లేకుంటే బస్సు ఆగదు. గందుకే అది బాగు కావద్దని రోజు దేవునికి మొక్కినం."

నా పూజ మీద వీళ్ల మొక్కు గెలిచిందన్నమాట! నవ్వలేక చచ్చాను.

నవ్వాక ఆలోచించాను. వచ్చే జూన్‌కు పదో తరగతి దాటే ఆడపిల్లలు ఇంకో పదకొండు మంది ఉన్నారు. నా బండిలో పట్టేది ఆరుగురే. బస్సు ఆగితే అందరూ పోవచ్చు. ఇంకొన్నాళ్లు ఇలాగే రోజూ మనుషులు ఎక్కితే అక్కడ ఖాయంగా బస్సు ఆగే స్టేజీ పడుతుందని నారమ్మ కూడా అంటోంది.

ఈరోజు పొద్దున నేనే హోటల్ దగ్గర నిలబడ్డాను. సదాశివ అడిగాడు. "అమ్మా, ఖాదర్ సాబే వచ్చి పోయిండట గదా. బాగైందా? ఇగ ఆపుడు అక్కెర లేదా?" పిల్లలు ఆరుగురూ నా ముఖంలోకి చూశారు.

"కాలె. ఆయనతోని అయితలేదు" అన్నాను.

ముప్పై ఏళ్ల మీ పేరును బస్సు నిండా జనం ముందు ముంచేశాను. క్షమించండి. ఈ డబ్బాలో టర్బో లేదు, అల్లం ఉంది. మీకు మనసొప్పకపోతే డబ్బా తిప్పి పంపకండి, సదాశివకు నేనే నిజం చెప్పేస్తాను.

ఇట్లు,
మీ ముందు తలెత్తలేని అనంతమ్మ

తా.క.: ఆ మాట విని డ్రైవర్ కూడా నవ్వాడు. దాచడం ఎందుకని రాస్తున్నాను.


ఫిబ్రవరి 20

అనంతమ్మ గారికి ఖాదర్ సలాములు.

డబ్బా అందింది. విప్పి చూశాను. చాలా పెద్ద జబ్బు. ఇంత మొండి టర్బోను నేను ఎక్కడా చూడలేదు. పరీక్షలు అయ్యేలోపు బాగుపడదు. జూన్‌లో కూడా నమ్మకం లేదు. డబ్బా అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి, బస్సును రోజూ ఆపి అడగమనండి. ఈ ఉత్తరాన్ని సదాశివకూ డ్రైవర్‌కూ గట్టిగా చదివి వినిపించండి.

ఇట్లు,
చేతగాని ఖాదర్

తా.క.: అఫ్రీన్ రాస్తున్నది. ఇది మాత్రం వాళ్లకు చదవకండి. ఇన్నాళ్లూ ఉత్తరాలన్నీ నేనే రాశాను. "చేతగాని" అన్న మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అబ్బా కలం తీసుకుని, తెలుగులో ఎట్ల రాయాలో అడిగి, తన చేత్తోనే రాశారు.