గట్టిగ నూరితే వస్తది

మంగళవారం, రాత్రి

మా గైడు సారు ఈరోజు హన్మకొండ చౌరస్తా నుంచి బాలూషాయి మిఠాయి తెప్పించి డిపార్ట్‌మెంటంతా పంచారు. జ్వరం మందులో ఎవరూ చూడని కొత్త స్ఫటిక రూపం కనిపెట్టారట. ఐఆర్ పరీక్ష గ్రాఫులో కొత్త పీక్ వచ్చిందట.

రాక ఏం చేస్తుంది? శాంపిల్‌ను కల్వంలో వేసి అల్లం నూరినట్టు నూరారు. ఆ ఒత్తిడికి స్ఫటికమే రూపు మార్చుకుంది. ఆయన కనిపెట్టింది తన కండబలాన్ని.

నూరని పొడిని నేను, నూరే పనిలేని రామన్ యంత్రం కింద పెట్టి చూశాను. పాత రూపమే ఉంది. ఆ గ్రాఫు తీసుకెళ్లి చూపిస్తే సారు కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు.

"నువ్వు సరిగ్గ నూరలేదమ్మా. జర గట్టిగ నూరు, వస్తది."

"నూరితెనే వస్తాంది సార్."

"నేను చెప్పేది గూడ గదే కదా" అంటూ నా చేతిలో ఇంకో బాలూషాయి పెట్టారు.

దీని మీద సారు పంపబోయే పేపర్లో రెండో పేరు నాది. తీసెయ్యమంటే రేపు నా థీసిస్ మీద సంతకం ఎవరు పెడతారు...

బాలూషాయి మాత్రం ముట్టలేదని రాసుకుందామనుకున్నాను. తిన్నాను. బాగానే ఉంది.